ఊదని ఈల

సెప్టెంబరు 17, 2011, శనివారం

తెలంగాణ కోసం సమ్మె. బడికి తాళం పడింది. పొద్దుటి నుంచి కోరుట్ల చౌరస్తాలో టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చాం. మధ్యాహ్నానికి అందరి గొంతులూ పోయాయి, మాత్రలు చప్పరిస్తూ కూర్చున్నారు. నా గొంతు మాత్రం ఖంగుమంటూనే ఉంది. ఇన్నేళ్లు పీఈటీగా మైదానంలో పిల్లల్ని అదిలించిన గొంతు, అంత తొందరగా పోతుందా? మా హెడ్మాస్టరు బాలకిషన్ సారు అందరి ముందే అన్నాడు: "జమున మేడం ఉంటే మనకు మైకు కిరాయి మిగిలినట్టే." నవ్వారు. నాకు గర్వంగానే అనిపించింది. ఎందుకు అనిపించకూడదు?

సాయంత్రం కబురు తెలిసింది. పక్క మండలంలో ఇద్దరు పిల్లలు కాలువలో స్నానానికి దిగి కొట్టుకుపోయారట. బడి ఉంటే ఆ సమయానికి లెక్కల పీరియడ్‌లో కూర్చునేవాళ్లు.

సమ్మె తప్పు కాదు. తెలంగాణ రావాలి, వస్తుంది. కానీ బడి మూస్తే పిల్లలు ఎక్కడికి పోతారని టెంటు కింద కూర్చున్న మాకెవరికీ తట్టలేదు. నాకైనా తట్టాలి కదా, వాళ్లను ఆటలకు తీసుకుపోయేదాన్ని నేనే.

ఈత నేర్పుతాను. ఆడపిల్లలకు. మగపిల్లలకు ఎవరో ఒక మామ నేర్పుతాడు. ఆడపిల్లల్ని బావి గడ్డ మీదికే రానివ్వరు.

ఇది నా బిడ్డ లీల కోసం కాదు. అది వేరే సంగతి.

సెప్టెంబరు 18

రైతు ముత్యం బావి కుదిరింది. ఊరి చివర, మెట్లున్న బావి. సమ్మెలో సింగరేణి వాళ్లు కూడా దిగాక బొగ్గు లేదు, కరెంటు లేదు, మోటార్లు నడవట్లేదు. అందుకే బావిలో నీళ్లు పై మెట్ల దాకా ఉన్నాయి.

ముత్యం ముందు ససేమిరా అన్నాడు. "గిదేంది టీచరమ్మా, ఆడివిల్లలు బాయిల దునుకుడేంది? ఊరోళ్లు నా మొకాన ఊంచరా?"

"ఊంచితే తుడుసుకో. పిల్ల మునిగితే తుడుసుకునేటందుకు ఏం మిగలదు."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఈలోగా ఆయన బిడ్డ మనీషా, మా బడిలోనే ఏడో తరగతి, గొడ్ల కొట్టం వెనక నుంచి "బాపూ, నేను గూడ నేర్చుకుంట" అంది. ఆయన మొహం చూడాలి!

ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు. "కరెంటు ఎప్పుడస్తదో దేవునికెరుక. అచ్చిందంటె మోటరు నడవాలె. పొలం నెర్రెలు వడుతున్నది."

ఆయన మోటారుకు ఆటో స్టార్టరుంది, కరెంటు రాగానే దానంతట అదే తిరుగుతుంది. పిల్లలు నీళ్లలో ఉండగా మోటారు తిరిగితే? ఆ వైర్ల అతుకులు చూస్తేనే నాకు షాకు కొట్టినంత పనయింది. కాబట్టి నేనూ ఒక షరతు పెట్టాను. పిల్లలు దిగేముందు స్టార్టర్ డబ్బాలోంచి ఫీజులు తీసి నా దగ్గర పెట్టుకుంటాను, పోయేటప్పుడు మళ్లీ పెట్టి పోతాను. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇలాంటి విషయాల్లో నేను గట్టిదాన్ని.

సెప్టెంబరు 20

మొదటి రోజు బాగా జరిగింది. ఒక్కొక్కరి వీపుకు ఖాళీ మంచినూనె డబ్బా పాత చీర పేలికతో కట్టి, దానికి మోకు ముడేసి, కొస నేను పట్టుకుంటాను. మా నాన్న నాకు నేర్పినప్పుడు డబ్బా లేదు, సొరకాయ బుర్ర ఉండేది. మోకూ లేదు. నెట్టాడు, అంతే. నేను ఎవర్నీ నెట్టను. నా పద్ధతి వేరు. బావిలోంచి ఎక్కి రావడం రానివాళ్లకు దూకుడు లేదు. ముందు ఎక్కడం, తరువాత వెల్లకిలా తేలడం, ఆ తరువాతే ఈత.

మా గోడ పక్కింటి బషీరున్నీసా కూతురు సాదియా అందరికంటే చురుకు. బషీరున్నీసా పంపుతుందని నేననుకోలేదు. పొద్దంతా వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చేస్తుంది. పదేళ్లుగా గోడ పక్కన ఉంటున్నాం, ఆమె గొంతు గోడ దాటి రాగా నేను వినలేదు. "తీస్కపో అక్కా" అంది. "సల్వార్ మీదనే దిగాలె, గంతే. నాకైతే చెంబెడు నీళ్లన్న గూడ భయమే. నా బిడ్డకన్న ఉండొద్దు."

లీలను కూడా తీసుకుపోయాను. మోటారు గది నీడలో, బావికి వీపు పెట్టి కూర్చుంది. పదకొండేళ్ల పిల్ల. రెండేళ్ల కింద ఎల్లంతకుంటలో మా చెల్లె ఇంటికి పోయినప్పుడు వాగులో జారింది. నేనే దూకి తీశాను. అప్పటి నుంచి తల మీద నీళ్లు పోయనివ్వదు. తలంటు పోయాలంటే స్తంభాన్ని వాటేసుకుని ఏడుస్తుంది.

నాకేం తొందర లేదు.

సెప్టెంబరు 21

లీల నడుముకు రెండు డబ్బాలు కట్టాను. పై మెట్టు మీద నిలబడి వణికింది. దిగు అన్నాను. దిగు, దిగు, దిగవే అన్నాను. ఈల ఊదాను. బడి మైదానంలో నా ఈలకు అలవాటు పడిపోయిన మిగతా పిల్లలందరూ ఒక్కసారిగా నీళ్లలోకి దిగిపోయారు. లీల ఒక్కతే డబ్బాలతో సహా పొలం గట్టు మీద పరుగు.

పీఈటీ బిడ్డ!

సెప్టెంబరు 23, శుక్రవారం

మస్కట్ నుంచి మా ఆయన మధుకర్ ఫోను. ప్రతి శుక్రవారం చేస్తాడు. "లీల దిగిందా?" అన్నాడు.

"దిగుతది. నాకేం తొందర లేదు."

"నీకా?" అని నవ్వాడు. ఏం నవ్వు అది! అంత దూరంలో కూర్చుని నవ్వడం ఎవరికైనా వస్తుంది.

లీల ఇక బావి దగ్గరికి రానంది. నేను పోయి వచ్చేదాకా, తను పిన్నిలా ఖాలమ్మ అని పిలిచే బషీరున్నీసా ఇంట్లో ఉంటానంది. సరే ఉండనీ.

సెప్టెంబరు 25

పిల్లలిప్పుడు దూకేటప్పుడు "జై తెలంగాణ" అని అరుస్తున్నారు. నేను నేర్పింది కాదు. మనీషా మొదలుపెట్టింది, అందరూ అందుకున్నారు. పొలాల్లో పనిచేసేవాళ్లు కూడా అటు నుంచి "జై" అంటున్నారు. ఇవాళ గడ్డ మీద నిలబడి ఆ పిల్లల్ని చూస్తే నా గుండె ఉప్పొంగింది. నిజం చెప్పాలంటే కళ్లు కూడా చెమర్చాయి. వారం కింద నీళ్లంటే ముక్కు మూసుకున్నవాళ్లు!

ఇవాళ్టి పాఠం: ఎవరైనా మునుగుతుంటే ఈత వచ్చినా సరే దూకొద్దు. మునిగేవాళ్లు మెడ పట్టుకుంటారు, ఇద్దరూ పోతారు. నేల మీద బోర్లా పడుకుని చున్నీ విసరాలి, ఇంకొకరు వెనక నుంచి కాళ్లు పట్టుకోవాలి. ఎరువుల బస్తాలో గడ్డి కుక్కి, దాన్నే మునిగే మనిషిగా పెట్టి చేయించాను. సాదియా బస్తాతో "గట్టిగ వట్టుకో, భయపడకు" అని మాట్లాడింది. నేను అది నేర్పలేదు. బాగుందన్నాను.

సెప్టెంబరు 28

రాయడానికి చెయ్యి రావట్లేదు.

నిన్న రోడ్డు మీద వంటావార్పు. టెంటు వాళ్లు పిలిస్తే పిల్లల్ని తొందరగా ఎక్కించి, పరుగున పోయాను. రోడ్డు మీద పొయ్యి పెట్టి పప్పు వండాం, అందరం కలిసి తిన్నాం, గొంతెత్తి పాడాం. ఎంత సంబురంగా ఉన్నానో.

పొద్దున ముత్యం టెంటు దగ్గరికి వచ్చాడు. తువ్వాల చేతిలో నలుపుతున్నాడు. "రాత్రి కరెంటు అచ్చింది టీచరమ్మా. ఊరందరి మోటర్లు నడిచినయ్. నాది నడవలె. పొయ్యి సూస్తె డబ్బల ఫీజులు లెవ్వు."

నేను సంచిలో చెయ్యి పెట్టాను. మూడు ఫీజులూ ఉన్నాయి, దువ్వెన పక్కన.

"దినాలు జూసి జూసి ఒక్క తడి అందేదుండె. నీ చేతుల వెట్టిన, నాదే తప్పు" అన్నాడు. తిట్టినా బాగుండేది. "ఇగ నా బాయి దిక్కు రాకుండ్రి."

అందరూ నన్నే చూస్తున్నారు. మైకు అక్కర్లేని గొంతుదాన్ని, మూడు ఫీజులూ ఆయన చేతిలో పెట్టి తల దించుకున్నాను.

సెప్టెంబరు 29

బావి లేదు, చేయడానికి పనీ లేదు. టెంటు నుంచి ఎండవేళే ఇంటికొచ్చాను. గోడ అవతల నీళ్ల చప్పుడు. బషీరున్నీసా వాకిట్లో పెద్ద సిమెంటు గోలెం ఉంది, మనిషి కూర్చునేంత. కొళాయి రాని రోజులకని నింపి పెట్టుకుంటుంది. బట్టలుతుకుతోందేమో అనుకుని గోడ మీదుగా తొంగిచూశాను.

గోలెంలో లీల.

మెడ దాకా నీళ్లలో ఉంది. ఊపిరి పీల్చి తల లోపల ముంచింది. నా లీల. తల మీద చెంబు పోయనివ్వని లీల. బుడగలు వచ్చాయి. బషీరున్నీసా పక్కనే పీట మీద కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. కనీసం తలెత్తి చూడట్లేదు! నాకు నోటి దాకా వచ్చింది అరుపు. ఎలా ఆపుకున్నానో.

లీల తల ఎత్తింది, జుట్టంతా మొహం మీద. "ఖాలమ్మా, ఎంత సేపున్న?"

"నేను జూడలె బేటా."

"అయితె మల్ల జేస్త" అని మళ్లీ మునిగింది.

నేను గోడ దగ్గర్నుంచి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. సంతోషించాలి కదా. సంతోషంగానే ఉంది.

సెప్టెంబరు 30

ఉండబట్టలేక పోయాను. లీల దుకాణానికి పోయిన సమయం చూసి బషీరున్నీసాను నిలదీశాను. ఎన్ని రోజులుగా సాగుతోంది, నాకెందుకు చెప్పలేదు అని.

"చెప్పొద్దన్నది అక్కా."

"నీకు ఈత రాదు. ఏం నేర్పుతున్నవ్ దానికి?"

"ఏం నేర్పుతలేను. నా బీడీలు నేను చేస్కుంటున్న. ఓ దినం నీళ్లల్ల చెయ్యి వెట్టింది. ఓ దినం కాళ్లు వెట్టింది. నేను ఏమనలె."

ఏమీ అనకపోవడం కూడా నేర్పడమేనా! నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల నుంచి జిల్లా పోటీలకు పిల్లల్ని తయారు చేస్తున్నాను. నా బిడ్డకు నేను పనికిరాలేదు, చాట ముందు కూర్చున్న మనిషి పనికొచ్చింది. ఆ మాటే అన్నాను. బషీరున్నీసాకు కోపం రాలేదు. కత్తెర కింద పెట్టింది.

"బురా మత్ మానో అక్కా, ఏమనుకోకు. పిల్లకు నీళ్ల భయం లేదు. వాగుల వడ్డనాడు నీళ్లు యాదికి లెవ్వట. నీ అరుపు యాదికున్నదట. 'అమ్మ గట్ల అరిసిందంటె నేను సచ్చిపోయిన్నేమో అనుకున్న ఖాలమ్మా' అన్నది."

నేను లేచి వచ్చేశాను.

బిడ్డ నీళ్లలో పోతుంటే తల్లి అరవదా? ఎవరు అరవరు? దూకింది నేనే కదా, తీసింది నేనే కదా. అరిస్తే తప్పా?

నాకేం బాధ లేదు.

అక్టోబరు 1

ఈల మెడలోంచి తీసి మేకుకు తగిలించాను. కాసేపటికి మళ్లీ వేసుకున్నాను.

అక్టోబరు 4

సద్దుల బతుకమ్మ. ఈసారి నడిరోడ్డు మీదనే ఆడాం, బతుకమ్మల మధ్యన తెలంగాణ జెండా పెట్టి. పొద్దుగూకేముందు చెరువుకు పోయాం. సాదియా కూడా చూడ్డానికని మనీషా చెయ్యి పట్టుకుని వచ్చింది.

నీళ్లలో బతుకమ్మను వదులుతూ ఒక కొత్త కోడలు పాకురు మీద జారింది. పట్టుచీరతో మెడ దాకా పోయింది. ఆడవాళ్లంతా ఒక్కసారే కేకలు. ఒడ్డున ఉన్న ఇద్దరు ముగ్గురు మగవాళ్లు అంగీలు విప్పుతున్నారు. నేను జనం వెనక ఉన్నాను. ఈల నోట్లో పెట్టుకుని తోసుకుంటూ ముందుకు వచ్చేసరికి, సాదియా బోర్లా పడుకుని ఉంది, మనీషా దాని కాళ్ల మీద కూర్చుని ఉంది. చున్నీ కొస ఆ కోడలి చేతిలో ఉంది. "గట్టిగ వట్టుకో వదినా, భయపడకు" అంటోంది సాదియా, బస్తాతో అన్నట్టే. లాగేశారు.

నా ఈల ఊదే పనే పడలేదు.

ఆ కోడలి అత్త వాళ్లిద్దరికీ దోసిళ్ల కొద్దీ సత్తుపిండి పెట్టింది. "ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అని ఎవరో అడిగితే ఇద్దరూ నా వైపు వేలు చూపించారు. ఇంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు. రాసుకుంటున్నాను, ఎవరేమనుకుంటే నాకేం.

ముత్యం కూడా గట్టు మీద ఉన్నాడు. తన బిడ్డనే చూస్తున్నాడు.

అక్టోబరు 5

ముత్యం ఇంటికే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "పిల్లలను తీస్కరా టీచరమ్మా. బాయి గాడనే ఉన్నది."

నేను చేతులెత్తి దండం పెట్టబోతే, "ఆగు ఆగు" అన్నాడు. "ఫీజులు మాత్రం నీ తాన వద్దు. మా మనీషా తానుంటయ్."

ఏడో తరగతి పిల్లపాటి నమ్మకం లేదు నా మీద. పోనీ. ఇజ్జత్ పోతే పోయింది, బావి దొరికింది.

అక్టోబరు 10

అన్నం తింటూ లీల తల ఎత్తకుండా అంది: "నేను బాయి కాడికి అస్త."

ఏమైనా అంటే మనసు మార్చుకుంటుందేమోనని ఊరుకున్నాను.

"ఖాలమ్మ గూడ రావాలె. డబ్బ నేనే కట్టుకుంట. నువ్వు మోకు వట్టుకో. కాని మాట్లాడద్దు."

"ఒక్క మాట గూడనా?"

"ఒక్కటి గూడ."

"ఈల?"

"మెడలుండనీ. ఊదద్దు."

ఒప్పుకున్నాను. వేరే దారి ఏముంది?

అక్టోబరు 12

ఇప్పుడే వచ్చాం. ఉన్నదున్నట్టు రాస్తాను.

బషీరున్నీసా బురఖా వేసుకుని, చాట చంకన పెట్టుకుని వచ్చింది. బావి వైపు చూస్తే కళ్లు తిరుగుతాయని మొహం పక్కకు తిప్పుకుని గడ్డ మీద కూర్చుని బీడీలు మొదలుపెట్టింది. మిగతా పిల్లలు ఒడ్డున వరసగా కూర్చున్నారు. మనీషా ఫీజులు పట్టుకుని కూర్చుంది, వాటిని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

లీల డబ్బా తనే కట్టుకుంది. ముడి వదులుగా ఉందని నాకు కనిపించింది. నోరు తెరిచాను. అది నా వైపు చూసింది. నోరు మూసుకుని ఈల పళ్ల మధ్య పెట్టుకున్నాను.

ఒక్కో మెట్టూ దిగింది. మోకాళ్లు, నడుము, మెడ. తల ముంచి లేచింది. బషీరున్నీసా వైపు చూసింది, ఆమె ఆకు చుడుతోంది. అప్పుడు వెల్లకిలా పడుకుని మెట్టును కాలితో తన్నింది. నీళ్ల మీద తేలుతూ బావి నడిమికి పోయింది.

అప్పుడే ముడి ఊడింది.

డబ్బా వీపు కింద నుంచి జారి పక్కకు వచ్చింది. నేను మోకు లాగాను. డబ్బా ఒక్కటే నా వైపు వచ్చింది. మోకు కొసన డబ్బా ఉంది, నా బిడ్డ లేదు. నా బిడ్డ బావి నడుమ, కింద రెండు నిలువుల లోతు నీళ్లు, ఆకాశం వైపు చూస్తూ ఉంది. దానికి తెలియదు.

అరుపు గొంతులోకి వచ్చింది. అరిస్తే అది వింటుంది. వింటే వాగు యాదికొస్తుంది. దూకినా అంతే, ఆ చప్పుడుకే అది మునుగుతుంది. ఈలను కొరికి పట్టుకున్నాను. చప్పుడు కాకుండా చీరతోనే మెట్లు దిగాను, నడుము దాకా. ఒడ్డున పిల్లలకు అంతా కనబడుతోంది. సాదియా చున్నీ తీసి చేతిలో పట్టుకుని బోర్లా పడుకుంది, నోట మాట లేకుండా. ఒక్కరూ కిక్కురుమనలేదు. పైన బషీరున్నీసా ఎప్పుడు చూసిందో, "యా అల్లా" అని ఊపిరితోనే అంది.

లీల కాళ్లు కొట్టింది. మెల్లగా, గోలెంలో కొట్టినట్టే. చేతులు అటూ ఇటూ ఆడించి తలను మెట్ల వైపు తిప్పుకుంది. ఎంతసేపయిందో నాకు తెలియదు. దాని తల వచ్చి నా పొట్టకు తగిలింది. మెట్టు మీద కాళ్లు ఆనించి నిలబడి, వీపు తడుముకుంది.

"అమ్మా, డబ్బ ఏది?"

మాట్లాడొద్దంది కదా. నేను వేలితో చూపించాను. డబ్బా ఇటు పక్క మెట్ల గోడకు ఆనుకుని తేలుతోంది.

దాన్ని చూసింది. తను వచ్చిన దూరం చూసింది. నా మొహం చూసింది. పకపకా నవ్వింది, బావంతా మోగేలా. ఒడ్డున పిల్లలు "జై తెలంగాణ" అని అరిచారు. పొలాల్లోంచి ఎవరో "జై" అన్నారు.

"ఇగ మాట్లాడమ్మా" అంది.

దాన్ని కావలించుకుని ఏడ్చాను. నడుము దాకా నీళ్లలో నిలబడి, పిల్లలందరి ముందు, పీఈటీ మేడం.

ఈల మీద పళ్ల గాట్లు పడ్డాయి. పారేయను.

అక్టోబరు 14, శుక్రవారం

రేపో మాపో బడులు తెరుస్తారంటున్నారు. లీల నిన్న డబ్బా లేకుండా దిగింది. నేను గడ్డ మీద నోరు మూసుకునే కూర్చున్నాను. అలవాటు అవుతోంది. పూర్తిగా అయిందని అబద్ధం రాయను.

సాయంత్రం మధుకర్ ఫోను. వాకిట్లో మంచం మీద స్పీకరు పెట్టి కూర్చున్నాం.

"బాపూ, నాకు ఈతచ్చింది" అంది లీల. "నడి బాయిల డబ్బ ఊసిపోయింది. నాకు తెల్వనే తెల్వదు."

అటు నుంచి "మరి మీ అమ్మ ఊరంత ఇనవడేటట్టు అరిసి ఉంటది" అన్నాడు.

"లేదు బాపూ. ఒక్క మాట గూడ అనలె. మోకు వట్టుకొని నిలవడ్డది."

"ఎవలు? మీ అమ్మనా?"

"అమ్మనే."

"ఊకో బిడ్డా. జమునా, నిజమేనా?"

"నిజమే" అన్నాను.

"నేను నమ్మ. సాచ్చెం ఎవలన్న ఉన్నరా?"

నేను నోరు తెరవకముందే, గోడ అవతల పీట జరిగిన చప్పుడయింది. ఆ తరువాత గొంతు వచ్చింది, వాడంతా వినబడేటట్టు:

"నేనున్న అన్నా! నేను జూసిన!"

పదేళ్లలో ఆ గొంతు గోడ దాటడం ఇదే మొదలు. నేను అరిచినా అంత గట్టిగా ఉండదు.